చలువ యంత్రానికి ప్రాణం పోసిన రైతుబిడ్డ: విల్లిస్ క్యారియర్

(బి.యస్సీ., ఆఖరి సంవత్సరం)

క్యారియర్ అనగానే మన హాస్టల్ మిత్రులకు ఇంటి దగ్గర్నుంచి బస్సులో వచ్చే అన్నం క్యారియర్ గుర్తుకు రావడం సహజం. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో సైతం నాలుగు గోడల మధ్య కార్తీకమాసపు చలువను తెచ్చిపెట్టే ఎయిర్ కండిషనర్‌ను లోకానికిచ్చిన విల్లిస్ హావిలాండ్ క్యారియర్ అనే మహనీయుని గురించి.

ఈయన కథను నేను వెతుక్కుని చదవడానికి ఒక కారణముంది. మాది మిరప, పత్తి పండించుకునే కుటుంబం. మా నాయనమ్మ వడదెబ్బ తగిలి ఆస్పత్రి పాలైన మరుసటి ఏడు, మా నాన్న మిరపకాయలమ్మిన డబ్బుతో ఆమె గదికి ఒక ఏసీ పెట్టించాడు. రెండో వేసవిలో దాని కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది వేయించాం. నలభై రోజులు తిరక్కుండానే అదీ కాలిపోయింది. మిషను మంచిది కాదన్నారు కొందరు. మా జాతకం మంచిది కాదన్నారు మరికొందరు. సైన్సు చదువుతున్న వాణ్ణి గదా, నువ్వు చెప్పరా అన్నట్టు నాన్న నా మొహం చూశాడు. నేను చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతో పుస్తకాలు పట్టుకుంటే దొరికిన మనిషి క్యారియర్. తీరా చూస్తే ఆయన కూడా రైతుబిడ్డే!

బాల్యం

1876వ సంవత్సరం నవంబరు 26వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు దగ్గరగా ఉన్న ఆంగోలా అనే చిన్న ఊరి వద్ద ఒక వ్యవసాయ కుటుంబంలో విల్లిస్ జన్మించాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తల్లి ఎలిజబెత్ చేతిలో పనితనం ఉన్న మనిషి. గడియారాలు, కుట్టుమిషన్లు చెడిపోతే ఆమే బాగుచేసుకునేది. బడిలో భిన్నాలు అర్థంకాక కుర్రవాడు దిగులు పడుతుంటే ఆ తల్లి ఆపిల్ పళ్ళు తెప్పించి, సగాలుగా, పావులుగా, అరపావులుగా కోయించి, వాటినే కూడించి తీయించి లెక్క నేర్పిందట. అర్థం కాని దాన్ని చేతికందే వస్తువుగా మార్చుకుని చూడటం అనే అలవాటు ఆ రోజునే పడింది. ఆయన జీవితమంతా ఆ అలవాటే ఆయనకు పెట్టుబడి.

పదకొండేళ్ళ వయస్సులో తల్లి పోయింది. పైగా 1893లో అమెరికాను పెద్ద ఆర్థిక మాంద్యం కుదిపేసింది. పంటలకు ధరల్లేవు, చేతిలో డబ్బుల్లేవు. కాలేజీ చదువు ఆగిపోయింది. పొలం పనులు చేసుకుంటూ, కొంతకాలం బడిపంతులుగా పనిచేస్తూ కాలం గడిపాడు. అయినా ఆశ వదులుకోలేదు. బఫెలో నగరం వెళ్ళి హైస్కూలు చదువు గట్టిచేసుకుని, 1897లో పోటీ పరీక్ష నెగ్గి స్కాలర్‌షిప్పుతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. స్కాలర్‌షిప్పు ఫీజుకు సరిపోయింది గాని, తిండికీ బసకూ చాలలేదు. ఇళ్ళ ముందు గడ్డి కోశాడు, చలికాలంలో కొలుములకు బొగ్గు ఎగదోశాడు, భోజనశాలలో వడ్డన చేశాడు. ఇలా నెగ్గుకొచ్చి 1901లో ఇంజనీరుగా బయటపడ్డాడు.

తడిసిన కాగితం తెచ్చిన అదృష్టం

అదే ఏడు బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతం మీద చేరారు. పెద్ద పెద్ద ఫ్యాన్లు, గాలిని వేడిచేసే సాధనాలు చేసే కంపెనీ అది. అక్కడివాళ్ళు యంత్రాలను అంచనా మీద, అనుభవం మీద కట్టేస్తున్నారే తప్ప, ఎంత గొట్టానికి ఎంత వేడి వస్తుందో కొలిచి చూసిన వాళ్ళు లేరు. క్యారియర్ కూర్చుని కొలిచారు, పట్టికలు తయారు చేశారు. కంపెనీకి డబ్బు మిగిలేసరికి యజమానులు ఆయనకొక ప్రయోగశాలే ఇచ్చారు.

1902 వేసవిలో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని సాకెట్ విల్‌హెల్మ్స్ అనే ముద్రణాలయం వాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. రంగుల బొమ్మలు అచ్చువేయాలంటే ఒకే కాగితాన్ని రంగుకొకసారి చొప్పున నాలుగుసార్లు మిషనులో పెట్టాలి. ఇవాళ ఒక రంగు వేసి రేపు రెండో రంగు వేసేసరికి, గాలిలో తేమ మారి కాగితం ఉబ్బేది, లేదా ముడుచుకునేది. రంగు మీద రంగు కూర్చోక బొమ్మలు పాడయ్యేవి. అంటే, వాళ్ళు అడిగింది చల్లదనం కాదు. ఏ రోజు చూసినా గాలిలో తేమ ఒక్కలాగే ఉండాలని అడిగారు. ప్రపంచంలో మొట్టమొదటి ఆధునిక ఎయిర్ కండిషనింగు పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితాల సుఖం కోసం!

1902 జులై 17వ తేదీ వేసిన నమూనా చిత్రాలనే ఎయిర్ కండిషనింగు పుట్టినరోజుగా లెక్కవేస్తారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు, అంటే మనకంటే అయిదేళ్ళు పెద్ద. చల్లటి నీళ్ళు ప్రవహించే గొట్టాల మీదుగా గాలిని తోలితే, ఆ గాలిలోని తేమ గొట్టాలమీద చెమటలాగ పట్టి కిందికి కారిపోతుంది. మంచినీళ్ళు పోసిన ఇత్తడి చెంబుకి వేసవిలో చెమట పట్టడం మనం రోజూ చూసేదే. ఆ గొట్టాలకు చలువ కొంత లోతుబావి నీటినుంచి, కొంత అమ్మోనియా కంప్రెసర్ నుంచి వచ్చింది. గాలిలో తేమను 55 శాతం దగ్గర నిలపాలనేది ఒప్పందం. ఆ యంత్రాల మొత్తం బలం రోజుకు 1,08,000 పౌన్ల మంచు కరిగితే వచ్చే చలువతో సమానం. ఏసీలను ఈనాటికీ ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని కొలవడం ఆ మంచు లెక్కే. 2,000 పౌన్ల మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి లాక్కుంటుందో అంత వేడిని లాగగలిగితే ఒక టన్ను అన్నమాట. ఆ ప్రకారం ఆ ముద్రణాలయంలో పెట్టింది 54 టన్నులు.

అదే ఏడు చివర్లో పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి, కమ్ముకున్న పొగమంచును చూస్తుండగా ఆయనకు ఒక ఊహ తట్టింది. ఈ గాలి నూటికి నూరుపాళ్ళూ తడిసి ఉంది. కాని చల్లగా ఉంది కాబట్టి ఇందులో ఉన్న నీరు నిజానికి తక్కువే. అలాంటప్పుడు గాలిని కావలసినంత చల్లటి నీటి జల్లులోనుంచి పంపితే, ఆ నీటి వేడిని బట్టి గాలిలో ఎంత తేమ ఉండాలో మనమే నిర్ణయించవచ్చు గదా! నీళ్ళు చల్లి గాలిని ఆరబెట్టడం అంటే వినడానికి వెర్రిగానే ఉంటుంది. కాని ఆ వెర్రికే 1906 జనవరిలో పేటెంటు వచ్చింది. ఎయిర్ కండిషనింగు అనే పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. స్టూవర్ట్ క్రామర్ అనే నూలుమిల్లుల ఇంజనీరు అదే 1906లో పెట్టాడు. 1911లో క్యారియర్ గాలి, వేడి, తేమల మధ్య లెక్కలను సూత్రాలుగా కట్టి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు చదివారు. ఆ శాస్త్రానికి అదే పునాది.

యంత్రం మొరాయించిన రోజు

అంతా విజయమే అనుకుంటే పొరపాటు. బఫెలో ఫోర్జ్‌లో ఉన్న రోజుల్లోనే మిస్సోరీ రాష్ట్రంలోని క్రిస్టల్ సిటీలో ఒక గాజు కర్మాగారానికి గ్యాసును శుభ్రపరిచే యంత్రం బిగించే పని ఆయనకు అప్పగించారు. యంత్రం తిరిగింది గాని, కంపెనీ హామీ ఇచ్చినంతగా పనిచేయలేదు. ఆయనకు నిద్ర పట్టలేదు, కడుపులో తిప్పేది. చివరికి దిగులు వల్ల ప్రయోజనం లేదని తెలుసుకుని, కాగితం మీద లెక్క వేసినట్టు వేసుకున్నారు. అన్నింటికంటే చెడ్డగా జరిగితే ఏమిటి? యంత్రాన్ని పీకేయాలి, కంపెనీకి 20,000 డాలర్లు నష్టం. సరే, అంతే గదా అని మనస్సును దానికి సిద్ధం చేసుకున్నారు. మనస్సు కుదుటపడ్డాక కారణం వెతికితే, ఇంకొక 5,000 డాలర్ల సామాను చేరిస్తే యంత్రం బాగుపడుతుందని తేలింది. 20,000 పోవలసిన కంపెనీకి 15,000 మిగిలింది. డేల్ కార్నెగీ 1948లో వెలువరించిన తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ సంగతిని ఒక పాఠంగా పెట్టాడు. యంత్రం చెడిపోయినప్పుడు యంత్రాన్ని తిట్టక, తనను తాను తిట్టుకోక, కారణం దగ్గరకు నడవడం! మా ఇంట్లో లేనిదీ, కావలసినదీ అదే.

1914లో ఐరోపాలో యుద్ధం మొదలయ్యాక బఫెలో ఫోర్జ్ వాళ్ళు ఈ శాఖను మూసివేయ నిశ్చయించారు. అయినా క్యారియర్ వెనుకంజ వేయలేదు. ఆయనతో కలిపి ఏడుగురు యువ ఇంజనీర్లు తమ దగ్గరున్నదంతా పోగుచేసి, 32,600 డాలర్ల మూలధనంతో 1915లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. పనిలో పడితే ఆయనకు లోకం తెలిసేది కాదు. ఒకసారి ఊరికి బయల్దేరి పెద్ద పెట్టె మోసుకెళ్ళి తెరిచి చూస్తే, అందులో ఒక చేతిరుమాలు తప్ప ఏమీ లేదని చెబుతారు.

కంప్రెసర్ మార్చిన చరిత్ర

అప్పటి కంప్రెసర్లు పిస్టన్లతో నడిచే భారీ యంత్రాలు. వాటిలో వాడే అమ్మోనియా ఘాటైన విషవాయువు. గుంటూరు చుట్టుపట్ల మన మిరప దాచే శీతల గిడ్డంగుల్లో వాడేదీ ఆ అమ్మోనియాయే. జనం లేని గిడ్డంగిలో జాగ్రత్తగా వాడుకోవచ్చు గాని, వేలమంది కూర్చునే సినిమా హాలులో లీకయితే ఏమి కావాలి? అందుకని క్యారియర్ 1922లో పిస్టన్‌కు బదులు చక్రంలా గిర్రున తిరుగుతూ ఆవిరిని నెట్టే సెంట్రిఫ్యుగల్ యంత్రాన్ని, అమ్మోనియాకు బదులు డైఎలీన్ అనే తక్కువ ప్రమాదకరమైన ద్రవాన్ని ముందుకు తెచ్చారు. న్యూయార్క్ అధికారి ఒకరు దానికి అనుమతి ఇవ్వనంటే, ఆయన ఆ ద్రవాన్ని గిన్నెలో పోసి, ఆ అధికారి గదిలోనే అగ్గిపుల్ల గీసి వేసి, అది పేలకుండా మెల్లగా మండటం చూపించారట.

1924లో డెట్రాయిట్ నగరంలోని హడ్సన్ అంగడిలో, 1925లో న్యూయార్క్ రివోలీ సినిమా హాలులో ఈ యంత్రాలు వెలిశాయి. రివోలీలో మొదటిరోజు జనం విసనకర్రలతో వచ్చి కూర్చున్నారు. హాలు చల్లబడేకొద్దీ ఒక్కొక్క విసనకర్రే ఆగిపోయింది. 1928లో అమెరికా ప్రతినిధుల సభకు, 1929లో సెనేటుకు ఆ చలువ చేరింది. 1928లోనే ఇళ్ళకు పనికివచ్చే చిన్న యంత్రాన్నీ తయారుచేశారు. కాని మరుసటేడు వచ్చిన మహా మాంద్యంలో ఇంటికి ఏసీ కొనే నాథుడెవడు? ఇళ్ళకు ఏసీ విరివిగా చేరింది రెండో ప్రపంచయుద్ధం తరువాతే.

ఆ నల్ల డబ్బాలో ఏముంది?

ఇప్పుడు మన ఇంటి ఏసీ దగ్గరకు వద్దాం. బయట పెట్టిన యూనిట్ మూత తీస్తే బిందెలా కూర్చున్న నల్లటి ఇనప డబ్బా కనిపిస్తుంది. అదే కంప్రెసర్. చాలామంది అనుకున్నట్టు అది చలువను తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. బావిలోని నీటిని మోటారు ఎత్తిపోసినట్టు, గదిలోని వేడిని ఇది ఎత్తిపోస్తుంది.

గది లోపలి గొట్టాల్లో తక్కువ ఒత్తిడిలో ఉన్న గ్యాసు ద్రవం, 5–10 డిగ్రీల చల్లదనంలోనే మరిగి ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ లాగి గట్టిగా అదుముతుంది. అదిమేసరికి అది బయటి ఎండకన్నా వేడెక్కుతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ నుంచి తక్కువకే పోతుంది గదా, కాబట్టి బయటి గొట్టాల్లో ఆ వేడిని ఎండలోకి కూడా వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. సన్నటి దారి గుండా దూరి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, తిరిగి గదిలోకి వస్తుంది. అంతే.

ఆ డబ్బాలో మోటారు, పంపు, నూనె మూడూ కలిపి అతుకు పెట్టి మూసేసి ఉంటాయి. గది నుంచి తిరిగివచ్చే చల్లటి ఆవిరే మోటారుకు చలువ. ఆ గ్యాసుతోనే నూనె తిరుగుతుంది. అందుకనే కంప్రెసర్ తనంతట తాను చావడం అరుదు. చాలాసార్లు బయటి రోగమే దాన్ని చంపుతుంది. ఎలాగంటారా?

మొదటిది, గ్యాసు లీకు. గ్యాసు తగ్గితే తిరిగివచ్చే చలువ తగ్గుతుంది, నూనె సరిగా తిరిగిరాదు, మోటారు లోలోపల ఉడికిపోతుంది. రెండోది, బయటి జాలీలో దుమ్ము. వేడి బయటికి పోకపోతే ఒత్తిడి పెరిగి, దాన్ని నెట్టడానికి మోటారు చస్తుంది. మూడోది దీనికి వ్యతిరేకం. లోపలి ఫిల్టరు దుమ్ముకొట్టి గాలి ఆడకపోతే, ద్రవం ఆవిరి కాకుండానే కంప్రెసర్‌లోకి వస్తుంది. ఆవిరిని అదమవచ్చు గాని ద్రవాన్ని అదమలేము. నూనె కడుక్కుపోతుంది, భాగాలు విరుగుతాయి. నాలుగోది, ఆపిన వెంటనే వేయడం. లోపలి ఒత్తిళ్ళు సమానం కావడానికి మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోగా స్విచ్చి వేస్తే మోటారు తిరగలేక బిగుసుకుపోయి విపరీతమైన కరెంటు లాగుతుంది. అయిదోది, లో వోల్టేజి. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుందని మన ఫిజిక్సు మాస్టార్లు చెప్పిందే. 230 ఉండవలసింది 180 అయితే బలం సుమారు 40 శాతం పడిపోతుంది. కెపాసిటర్ బలహీనపడ్డా ఇదే గతి. ఇన్వర్టర్ ఏసీలు ఈ వోల్టేజి తేడాలను కొంతవరకు తట్టుకుంటాయి గాని, పాతరకం ఏసీలు తట్టుకోలేవు.

ఆఖరిది అన్నింటిలోకి మోసకారి. మోటారు తీగచుట్టలు కాలినప్పుడు నూనె, గ్యాసు మాడి ఆమ్లం పుడుతుంది. అది గొట్టాలన్నిటా వ్యాపిస్తుంది. వాటిని శుభ్రం చేయకుండా కొత్త కంప్రెసర్ తగిలిస్తే, ఆ ఆమ్లం కొత్తదాని తీగచుట్టల పూతనూ తినేస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. మూడోసారి టౌను నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు కంప్రెసర్ ముట్టుకోలేదు. గోడ చుట్టూ తిరిగి చూశాడు. మా ఏసీ బయటి యూనిట్ గడ్డివాము పక్కన ఉంది. దాని జాలీ నిండా నుసి, పత్తి పీచు. పొలాల్లో మోటార్లన్నీ ఆడే వేళదాకా ఆగి వోల్టేజి కొలిచాడు. 170 చూపించింది. గొట్టాల్లోంచి తీసిన నూనె నల్లగా, మాడు వాసనతో ఉంది. మొదటిసారి బాగుచేసిన వాళ్ళు గొట్టాలు కడగనేలేదని తేలింది. ఆయన గొట్టాలు కడిగి, కొత్త డ్రయర్ ఫిల్టరు వేసి, గాలీ తేమా పోయేదాకా వాక్యూం పెట్టి, ఆ తరువాతే గ్యాసు నింపాడు. యూనిట్‌ను చోటు మార్పించి, స్టెబిలైజరు పెట్టించాడు.

అప్పుడు మా నాన్న అన్న మాట ఒక్కటే. దీంట్లో కూడా మన బోరు మోటారు లాంటి మోటారే ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, ఇంత జరగనిచ్చేవాణ్ణి కాదని. లో వోల్టేజికి బోరు మోటార్లు కాలడం చూసి చూసి, ఆ వేళకు స్టార్టరు ఆపేసే రైతు ఆయన. తెలిసిన విద్యే, కాని ఈ డబ్బాకు వర్తిస్తుందని తెలియదు. చెప్పవలసింది నేను. నాకూ తెలియలేదు. ఆపిల్ ముక్కలతో భిన్నాలు చెప్పిన ఆ తల్లి పని నేను చేయవలసింది, చేయలేకపోయాను.

చివరి రోజులు

1930లో మరో రెండు సంస్థలను కలుపుకుని క్యారియర్ కార్పొరేషన్ ఏర్పడింది. 1937లో సిరక్యూస్ నగరానికి తరలింది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మంచు ఇల్లు ఆకారంలో మందిరం కట్టి, లక్షలాది జనానికి ఆ చలువను రుచి చూపించారు. సొంత జీవితంలో ఆయన ఇద్దరు భార్యలను పోగొట్టుకుని మూడో వివాహం చేసుకున్నారు. ఇద్దరు పిల్లలను దత్తత తీసుకుని పెంచారు. 1950 అక్టోబరు 7వ తేదీన తన 73వ ఏట న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఏసీ ఇంటింటికీ చేరడాన్ని ఆయన చూడలేదు.

ఆ చలువకు లోకం ఇచ్చుకున్న మూల్యాన్నీ ఆయన చూడలేదు. సురక్షితమని ఎంచి 1930 ప్రాంతంలో తెచ్చిన ఫ్రియాన్ వాయువులు ఓజోన్ పొరకు చేటు అని 1974లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. వాటి స్థానంలో వచ్చినవి భూమిని వేడెక్కిస్తాయని తేలి, 2016లో కిగాలీలో మరో ఒప్పందం చేసుకోవలసివచ్చింది. మనం గదిలోంచి తోడిపోసే వేడి బయటివాడి ముంగిట్లోనే పడుతుందని కూడా మరువరాదు.

మిత్రులారా! క్యారియర్ మనలాంటి వాడే. పొలం నుంచి వచ్చినవాడు, ఫీజు కట్టలేక ఆగినవాడు, ఇంటిపనులు చేసుకుంటూ చదివినవాడు. ఆయన గొప్పదనం చల్లటి గాలిలో లేదు. చెడిపోయిన దాని ఎదుట నిలబడి, దిగులు పడకుండా, కొలిచి కారణం పట్టుకోవడంలో ఉంది. మనం చదివే సూత్రాలు పరీక్ష కాగితం దాటి మన పెరట్లోని మోటారు దాకా, నాయనమ్మ గది దాకా నడవాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఏసీ వెనుక జాలీని ఒకసారి చూడండి. ఫిల్టరు తీసి కడగండి. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి స్విచ్చి వేయమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి.